ఆపదలో ఉన్న ఓడకి రేవులో చేసిన సాయం: డబ్బు వసూలు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఈ సామెత కట్టినాయన ఎప్పుడో ఒకప్పుడు రేవులో బిల్లులు పట్టుకుని తిరిగే ఉంటాడు. ఇంజన్ ఆగిపోయి, గాలికి లంగరు జారుతున్నప్పుడు ఓడ మాస్టరు (కెప్టెన్) రేడియోలో బతిమాలే గొంతు వేరు. నాలుగు రోజుల తర్వాత, ఓడ బెర్తులో క్షేమంగా కట్టేసి ఉన్నప్పుడు, యజమాని ఆఫీసు నుంచి వచ్చే ఈమెయిల్ గొంతు వేరు. ఆ రెంటికీ మధ్య పడి నలిగేవాళ్ళ కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. అంటే టగ్గులు (ఓడల్ని లాగే పడవలు) నడిపేవాళ్ళు, షిప్ ఏజెంట్లు, నీళ్ళూ కూరగాయలూ బంకరూ (ఓడ ఇంధనం) అందించేవాళ్ళు, డైవర్లు, పోర్టు బిల్లింగ్ విభాగం వాళ్ళు. ఇక్కడ చెప్పేది భారత చట్టం ప్రకారం, ముఖ్యంగా 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న 2017 అడ్మిరాల్టీ చట్టం (ఓడల మీద దావాల చట్టం) ప్రకారం. కేసు వేసే ముందు మాత్రం అడ్మిరాల్టీ తెలిసిన వకీలుని కలవండి.

అసలు ‘ఆపదలో ఉన్న ఓడ’ అని దేన్ని అంటారు?

మునిగిపోతుంటేనే ఆపద కాదు. ఇంజన్ పనిచేయకపోవడం, చుక్కాని పట్టేయడం, సరుకు ఒక పక్కకి జరిగి ఓడ ఒరగడం, హోల్డులో పొగ, తుపానులో లంగరు జారడం, ఇవన్నీ ఆపదలే. ప్రమాదం ఆ క్షణానే ముంచుకురానక్కర్లేదు. బుద్ధున్న మాస్టరు ఎవరైనా ఆ స్థితిలో సాయం కాదనడు అనిపిస్తే చాలు.

విశాఖ వాళ్ళకి ఉదాహరణ ఇట్టే గుర్తొస్తుంది. 2020 అక్టోబరులో వాయుగుండం వేళ, బయట లంగరేసుకున్న ‘మా’ అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ళ మీద కూర్చుంది. ఊరంతా వెళ్ళి సెల్ఫీలు దిగింది. సెల్ఫీలు సరే, అందులోని డీజిల్ తీయించడం, సిబ్బందిని దించడం, ఓడని మళ్ళీ నీళ్ళలోకి లాగే ప్రయత్నాలు, వీటిలో ప్రతిదానికీ ఎవరో ఒకరు బిల్లు రాయాలి. ఈ పేజీ ఆ బిల్లు గురించే.

అలాంటి ఓడ వస్తానంటే పోర్టు తప్పనిసరిగా లోపలికి రానివ్వాలా?

మనుషుల్ని కాపాడి తీరాలి, అందులో రెండో మాట లేదు. ఓడ సంగతి వేరు. రేవులోకి వచ్చే తిరుగులేని హక్కు దానికి లేదు. కాలుతున్న ఓడో, నూనె కారుతున్న ఓడో ఛానల్లో మునిగితే మొత్తం పోర్టే మూతపడుతుంది.

అలాగని పొమ్మంటే ముప్పు తప్పుతుందా? 2002 నవంబరులో దాదాపు 77,000 టన్నుల ఇంధన నూనెతో వెళ్తున్న ‘ప్రెస్టీజ్’ ట్యాంకరు స్పెయిన్ తీరంలో దెబ్బతింది. ఆశ్రయం అడిగితే ఇవ్వలేదు, దూరంగా లాక్కుపొమ్మన్నారు. ఆరు రోజులకి రెండు ముక్కలై మునిగింది. ఏ తీరాన్ని కాపాడాలనుకున్నారో ఆ గలీసియా తీరమే నల్లబడింది. ఆ మరుసటి ఏడాది అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఆశ్రయ స్థలాలపై మార్గదర్శకాలు తెచ్చింది, 2023లో వాటిని సవరించింది. గుడ్డిగా కాదనకుండా, రానిస్తే ఏమవుతుంది, పొమ్మంటే ఏమవుతుంది అని రెండూ తూచి నిర్ణయించమన్నది వాటి సారం. 2025 జూన్‌లో కేరళకి దూరంగా ‘వాన్ హై 503’ కంటైనర్ ఓడ తగలబడినప్పుడు మన నేవీ, కోస్ట్‌గార్డు చేతిలోనూ ఇదే తక్కెడ.

వసూలు సంగతికొస్తే, లోపలికి రానిచ్చే ముందే గ్యారంటీ అడగాలి. ఆ గడియలో ఉన్న పట్టు మళ్ళీ ఎప్పటికీ రాదు. కాకపోతే మెడ మీద కత్తి పెట్టినట్టు అడగకండి. ప్రమాదపు ఒత్తిడిలో రాయించుకున్న అన్యాయపు ఒప్పందాన్ని కోర్టు తర్వాత కొట్టేయగలదు, మొత్తాన్ని తగ్గించగలదు. సాల్వేజ్ మీద, అంటే ఆపదలో ఉన్న ఓడనో సరుకునో కాపాడే పని మీద, కుదిరిన 1989 అంతర్జాతీయ ఒడంబడికలో ఆ మాట స్పష్టంగా ఉంది.

మా టగ్గు వెళ్ళి లాక్కొచ్చింది. మామూలు టోయింగ్ బిల్లు వేయాలా, సాల్వేజ్ అడగొచ్చా?

అన్నిటికంటే ఎక్కువ డబ్బు ముడిపడిన ప్రశ్న ఇది. నిదానంగా చూద్దాం.

మామూలు టోయింగ్‌కి టారిఫ్ ఉంటుంది. గంటకింత, ఓడ టన్నేజీకి ఇంత. సాల్వేజ్‌కి టారిఫ్ లేదు, అది బహుమానం. ప్రమాదంలో ఉన్న ఆస్తిని, చేయాల్సిన బాధ్యత లేకపోయినా ముందుకొచ్చి, కనీసం కొంతైనా కాపాడినవాడికి దక్కేది. ఎంత అన్నది నిర్ణయించేటప్పుడు కాపాడిన ఓడ, సరుకుల విలువ, ప్రమాదం ఎంత తీవ్రం, పర్యావరణానికి జరగకుండా ఆపిన నష్టం, మీ నేర్పు, మీరు తలకెత్తుకున్న ముప్పు, ఎంత త్వరగా వెళ్ళారు అన్నవి చూస్తారు. గరిష్ఠంగా కాపాడిన ఆస్తి విలువని మించకూడదు.

గీత ఎక్కడ పడుతుందంటే, ప్రమాదం రాకముందే కుదిరిన ఒప్పందంలో మీరు ఒప్పుకున్న పనినే చేస్తే అది సాల్వేజ్ కాదు. ఓడని బెర్తు నుంచి బయటికి తీసుకెళ్ళడానికి మీ టగ్గుని పెట్టుకున్నారనుకోండి. మధ్యలో ఓడ ఇంజన్ ఆగింది. మీరు ఇంకో అరగంట ఎక్కువ లాగారు. ఇది టోయింగే, అదనపు గంటలు వేసుకోండి. అదే ఓడలో మంటలు లేచి, మీ టగ్గు దాన్ని పక్కనున్న నూనె జెట్టీకి తగలకుండా తోస్తూ రాత్రంతా నీళ్ళు కొట్టిందనుకోండి. ఆ పని మీ ఒప్పందంలో ఎవరూ ఊహించలేదు. అక్కడ మీరు సాల్వర్.

మనవాళ్ళు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. అలవాటు కొద్దీ మర్నాడే అకౌంట్స్ గుమాస్తా టారిఫ్ ప్రకారం ఇన్‌వాయిస్ పంపేస్తాడు. ఇక తర్వాత సాల్వేజ్ అన్నప్పుడు అవతలి వకీలు మొట్టమొదట తీసి చూపించే కాగితం ఆ ఇన్‌వాయిసే. మీది మీరే టోయింగ్ అన్నారుగా అంటాడు. కాబట్టి అసాధారణమైన పని జరిగిన రోజు బిల్లింగ్‌కి ఒక్క ఫోను చేసి ఆపించండి. ఇన్‌వాయిస్ వారం ఆలస్యమైతే ఏ చట్టమూ కోపగించుకోదు.

పోర్టే సాల్వేజ్ అడగొచ్చా? రేవులో ఓడకి దారి చూపే పైలట్?

తన రేవునీ ఛానల్నీ సురక్షితంగా ఉంచడం పోర్టు విధి. విధిని నిర్వర్తించినందుకు బహుమానం ఉండదు, చార్జీలే ఉంటాయి. ఆ విధిని దాటి చేసిన పని ఏదో విడదీసి చూపించగలిగితే అడగొచ్చు. పైలట్‌కీ అంతే: మామూలు నడిపింపుకి పైలటేజీ, ప్రాణానికి తెగించి చేసిన అసాధారణ పనికి మాత్రమే సాల్వేజ్. ఇలాంటివి అరుదు.

పెద్ద ఉదాహరణ సూయజ్‌దే. 2021 మార్చి 23న ‘ఎవర్ గివెన్’ కంటైనర్ ఓడ కాలువకి అడ్డంగా ఇరుక్కుని 29న కదిలింది. సిబ్బంది 25 మందీ భారతీయులే. కాలువ అధికార సంస్థ మొదట 91.6 కోట్ల డాలర్లు అడిగింది. అందులో 30 కోట్లు సాల్వేజ్ బహుమానమట, ఇంకో 30 కోట్లు తన పరువు పోయినందుకట! తర్వాత మొత్తం మీద 55 కోట్లకి దిగింది. ఓడని ఈజిప్టు కోర్టు ఆదేశంతో గ్రేట్ బిట్టర్ సరస్సులో కట్టేసి, ఒప్పందం కుదిరాక జులై 7న వదిలారు. పరువు ఖరీదు అడిగే పద్దు మన చట్టంలో నాకైతే కనిపించదు. కానీ చేతిలో ఓడ ఉన్నవాడి మాట ఎంత దూరం సాగుతుందో ఆ మూడు నెలలు చూపించాయి.

మేం వేట పడవల వాళ్ళం. తాడు వేసి ఓడని ఆపాం. మాకేమైనా వస్తుందా?

వస్తుంది. సాల్వర్‌కి లైసెన్సు, కంపెనీ ఏమీ అక్కర్లేదు. ఫైబర్ బోటు వేసుకెళ్ళినవాడైనా స్వచ్ఛందంగా వెళ్ళి ఆస్తిని కాపాడితే చాలు. పడవ యజమానికే కాదు, అందులో వెళ్ళిన కలాసీలకీ వాటా ఉంటుంది.

మనుషుల్ని మాత్రమే కాపాడితే, కాపాడినవాళ్ళ దగ్గర పైసా అడగకూడదు. అదే ప్రమాదంలో ఇంకెవరైనా ఓడనో సరుకునో కాపాడి బహుమానం పొందితే అందులో మీకు న్యాయమైన వాటా అడగొచ్చు.

కష్టపడ్డాం, అయినా ఓడ మునిగిపోయింది. అంతా పోయినట్టేనా?

సాల్వేజ్ మూలసూత్రం మొహమాటం లేనిది. ఫలితం లేకపోతే డబ్బు లేదు. దానికి 1989 ఒడంబడిక ఒక ముఖ్యమైన మినహాయింపు పెట్టింది. తీరానికి నూనె ముప్పు తెచ్చే ఓడ దగ్గర పనిచేస్తే, ఓడ దక్కకపోయినా మీ ఖర్చులు ప్రత్యేక పరిహారంగా రావచ్చు. నష్టాన్ని నిజంగా ఆపగలిగితే లేదా తగ్గించగలిగితే ఖర్చు మీద 30 శాతం దాకా, మరీ న్యాయమనిపిస్తే నూరు శాతం దాకా పెంచొచ్చు. ఈ మినహాయింపు లేకపోతే నూనె కారుతున్న పాత ట్యాంకరు దగ్గరికి ఎవరూ వెళ్ళరు.

మునిగిన ఓడని తొలగించే ఖర్చు వేరే పద్దు. నైరోబీ ఒడంబడిక ప్రకారం అది రిజిస్టర్డ్ యజమాని మీద పడుతుంది. 300 టన్నులు, ఆపైన ఉన్న ఓడలకి దీనికోసం బీమా తప్పనిసరి, ఆ బీమా సంస్థనే నేరుగా అడగొచ్చు.

యజమాని ఏ పనామాలోనో ఉన్నాడు. కేసు ఎవరి మీద వేస్తాం?

ఓడ మీద. ఇదే అడ్మిరాల్టీలో ఉన్న అందం. ఓడనే ప్రతివాదిగా చేసి, హైకోర్టు ఆదేశంతో దాన్ని అరెస్టు చేయించొచ్చు. యజమాని ఎక్కడున్నా తన ఓడ కోసం తనే పరిగెత్తుకొస్తాడు.

2024 నవంబరులో కాకినాడలో వినిపించిన ‘సీజ్ ద షిప్’ మాట తర్వాత చాలామంది మమ్మల్ని అడిగింది, మా బాకీకి కూడా అలా సీజ్ చేయించొచ్చా అని. అది బియ్యం అక్రమ రవాణా ఆరోపణల వ్యవహారం, ప్రభుత్వ శాఖల అధికారం. మీ బాకీకి కావాల్సింది హైకోర్టు ఇచ్చే అరెస్టు ఉత్తర్వు. కలెక్టరు దగ్గరికో పోలీస్ స్టేషనుకో వెళ్తే ఈలోగా ఓడ లంగరు ఎత్తేస్తుంది.

ఆంధ్రప్రదేశ్ రేవుల్లో ఉన్న ఓడకి అమరావతిలోని హైకోర్టు. ఓడ ఆ కోర్టు పరిధిలో, అంటే రేవులోనో ప్రాదేశిక జలాల్లోనో ఉండాలి. ఈ అధికారం మనకి ఊరికే రాలేదు. 1984లో మార్మగోవా నుంచి వెళ్ళిపోయిన ‘ఎలిసబెత్’ ఓడని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విశాఖలో అరెస్టు చేయించింది. ఈ కోర్టుకి ఆ అధికారమే లేదు, బ్రిటిష్ కాలంలో అది కలకత్తా, బొంబాయి, మద్రాసులకే ఇచ్చారని ఓడ తరఫువాళ్ళు వాదించారు. 1992లో సుప్రీంకోర్టు ఆ వాదన తోసేసింది. స్వతంత్ర దేశపు హైకోర్టు 19వ శతాబ్దపు ఆంగ్ల చట్టం దగ్గరే గడ్డకట్టుకుపోయి ఉండదని తేల్చింది. ఈ రోజు దేశంలో ఏ ఓడ అరెస్టు వాదనలోనైనా ఆ తీర్పు వినపడాల్సిందే. దాని పుట్టిల్లు విశాఖ అని మనవాళ్ళకే సగం మందికి తెలియదు.

ఒక్క జాగ్రత్త. సరుకులు ఆర్డర్ చేసింది ఎవరు? యజమానో, ఓడని మొత్తంగా తన చేతిలోకి తీసుకున్న డిమైజ్ చార్టరరో అయితే సరే. టైమ్ చార్టరర్ (ఓడని కొంతకాలానికి అద్దెకి తీసుకున్నవాడు) పెట్టిన ఆర్డరుకి ఓడని పట్టుకోవడం చాలా కష్టం. ఆర్డరు ఈమెయిల్ కింద ఎవరి పేరుందో బంకర్ ఎక్కించే ముందే చూడండి.

ఓడ వెళ్ళిపోయింది. లేదా చేతులు మారింది. ఇప్పుడు?

మీ బాకీ ఏ రకం అన్నదాని మీద ఉంటుంది. సాల్వేజ్, పోర్టు బకాయిలు, పైలటేజీ, సిబ్బంది జీతాలు వంటివాటికి ‘మారిటైమ్ లియన్’, అంటే బాకీ కింద ఓడ మీదే ఉండే హక్కు, ఉంది. అది ఓడకి పుట్టుమచ్చలాంటిది, ఎన్ని చేతులు మారినా వదలదు. మామూలు టోయింగ్, బంకర్, నీళ్ళు, కూరగాయలు, మరమ్మతులకి అది లేదు. బంకర్ బాకీకి లియన్ లేదని సుప్రీంకోర్టు 2017లో ‘క్రిసోమార్’ తీర్పులో చెప్పేసింది. అలాంటి బాకీకి, అప్పుడు యజమానిగా ఉండి బాధ్యుడైనవాడే అరెస్టు నాడు కూడా యజమానిగా ఉండాలి.

ఆ ఓడ రాకపోయినా అదే యజమానిది ఇంకో ఓడ మన రేవుకి వస్తే దాన్ని పట్టుకోవచ్చు. 2025 మే 25న కొచ్చి దగ్గర ‘ఎంఎస్‌సీ ఎల్సా 3’ 640 కంటైనర్లతో మునిగాక, కేరళ ప్రభుత్వం రూ.9,531 కోట్లకి దావా వేసి విళింజంలో ఉన్న ‘ఎంఎస్‌సీ అకిటెటా 2’ని అరెస్టు చేయించింది. తర్వాత హైకోర్టు గ్యారంటీ మొత్తాన్ని రూ.1,227 కోట్ల పైచిలుకుకి తగ్గించింది.

విదేశంలో డిక్రీ వచ్చినా దారి ఉంది. ఒక సాల్వేజ్ కంపెనీ ఇంగ్లండ్ కోర్టులో గెలిచి, ఆ డిక్రీ అమలు కోసం ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి వచ్చింది. ‘అల్ ఖమర్’ ఓడ కేసు అది. అమలు చేయొచ్చని 2000లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది.

ఓడని వేలం వేశారు. ముందు ఎవరికి?

మొదట లియన్లు. వాటిలో వరస: సిబ్బంది జీతాలు, తర్వాత ప్రాణనష్టం, గాయాల పరిహారాలు, తర్వాత సాల్వేజ్, ఆ తర్వాత పోర్టు, పైలటేజీ బకాయిలు, చివరికి ఓడ నడకవల్ల కలిగిన ఇతర నష్టాలు. ఇవన్నీ అయ్యాక బ్యాంకు తాకట్టు. అది కూడా అయ్యాక మిగిలిన వాళ్ళంతా. పాపం, నీళ్ళు పోసినవాడూ బియ్యం ఎక్కించినవాడూ ఈ ‘మిగిలిన వాళ్ళ’లోనే. పాత ఓడకి తుక్కు ధర వస్తే బ్యాంకు దగ్గరే డబ్బు అయిపోవచ్చు.

సాల్వర్లు ఒకరికంటే ఎక్కువ మంది ఉంటే చివర వచ్చినవాడికే ముందు. వింతగా ఉన్నా న్యాయముంది. ఆఖరువాడు కాపాడబట్టే కదా ముందువాళ్ళ బాకీకి ఆధారమైన ఓడ మిగిలింది.

అరెస్టు తర్వాత ఓడకి డీజిల్, నీళ్ళు, కాపలా ఇస్తున్నట్టయితే ముందే కోర్టు అనుమతి తీసుకోండి. అలా చేసిన ఖర్చు అమ్మకం డబ్బులోంచి అందరికంటే ముందు వస్తుంది. అనుమతి లేకుండా మంచితనం కొద్దీ చేస్తే మీరూ వరసలో ఆఖర్న నిలబడాలి.

నేను ఏజెంటుని. పోర్టు నన్ను పట్టుకుంది, యజమాని ఫోనెత్తడం లేదు.

ఈ ప్రశ్న అడిగేవాళ్ళ గొంతులో ఏడుపే వినిపిస్తుంది. పేరు చెప్పి ఒకరి తరఫున పనిచేసిన ఏజెంటు మామూలుగా వ్యక్తిగతంగా బాధ్యుడు కాడు. కానీ పోర్టులో ఖాతా తెరిచినప్పుడు చార్జీలన్నీ నేనే కడతానని సంతకం పెట్టి ఉంటారు. ఆ కాగితం మీ మెడకి చుట్టుకుంటుంది. ఓడ కోసం మీరు కట్టింది మారిటైమ్ క్లెయిమే (ఓడ మీద వేయదగ్గ దావాయే), అరెస్టు అడగొచ్చు, కానీ లియన్ లేదు. కాబట్టి ఆపదలో ఉన్న ఓడకి ఏజెన్సీ ఒప్పుకునేటప్పుడు మామూలు అడ్వాన్సుకి నాలుగింతలు అడగండి. మామూలుగా రెండు రోజుల్లో వెళ్ళే ఓడ కాదది, నెలల తరబడి ఉంటుంది.

పి అండ్ ఐ క్లబ్బు (ఓడ యజమానుల బీమా సంఘం) హామీ లెటర్ ఇస్తానంటోంది. తీసుకోవచ్చా?

పేరున్న క్లబ్బుల లెటర్లు వ్యాపారంలో నడుస్తాయి. అక్షరం అక్షరం చదవండి: ఏ కోర్టు తీర్పుకి కట్టుబడతారు, వడ్డీ, ఖర్చులు కలిపారా, గడువు ఏమైనా ఉందా. అనుమానముంటే ఇక్కడి బ్యాంకు గ్యారంటీ అడగండి. ఒకసారి ఇలాంటి హామీ ఇచ్చాక ఓడ వెళ్ళిపోతుంది, మీ కేసు ఆ కాగితం మీదే నడుస్తుంది.

గడువులేమిటి?

లియన్ ఏడాదికి చెల్లిపోతుంది, ఈలోగా ఓడని అరెస్టు చేయించకపోతే. జీతాల లియన్‌కి రెండేళ్ళు. సాల్వేజ్ దావాకి ఒడంబడిక రెండేళ్ళిచ్చింది. మామూలు బిల్లులకి లిమిటేషన్ చట్టం మూడేళ్ళు. అన్నిటికంటే చిన్న గడువు మాత్రం ఏ చట్టంలోనూ రాసి లేదు: ఓడకి పోర్టు క్లియరెన్సు వచ్చేవరకు.

1908 ఇండియన్ పోర్ట్స్ చట్టం, 1958 మర్చంట్ షిప్పింగ్ చట్టం స్థానంలో 2025లో పార్లమెంటు కొత్తవి తెచ్చింది. పాత పుస్తకంలోని సెక్షను నంబరుతో నోటీసు పంపకండి.

తప్పుగా అరెస్టు చేయిస్తే?

అరెస్టు అడిగేటప్పుడే, అన్యాయమని తేలితే నష్టం కట్టుకుంటానని కోర్టు మీ చేత హామీ రాయించుకోవచ్చు. లక్ష రూపాయల కూరగాయల బిల్లుకి కోటి అని రాసి ఓడని ఆపకండి.

యజమాని ఓడనీ సిబ్బందినీ వదిలేసి పోయాడు. ఓడలో మావాడున్నాడు.

శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఓడల్లో పనిచేసే పిల్లలున్న ఇళ్ళు చాలా ఉన్నాయి కాబట్టి ఇది రాయాల్సిందే. జీతాల బాకీ వరసలో అందరికంటే ముందు. వదిలేసిన సిబ్బందిని ఇంటికి చేర్చడానికి, నాలుగు నెలల దాకా జీతానికి బీమా ఉండాలని మారిటైమ్ లేబర్ ఒడంబడిక 2017 నుంచి తప్పనిసరి చేసింది. ఆ బీమా సర్టిఫికెట్ ఓడలోనే, అందరికీ కనిపించేలా అంటించి ఉండాలి. మీవాడికి ఫోను కలిస్తే మొదట దాన్నే ఫొటో తీసి పంపమనండి.

మన కోర్టు అరెస్టు చేశాక యజమాని వదిలేస్తే, 45 రోజుల్లో వేలం వేయాలని 2017 చట్టం చెప్తోంది, కారణాలు రాసి ఇంకో 30 రోజులు పొడిగించొచ్చు. వేలం దాకా ఓడ మీద కొంతమంది ఉండి తీరాలి. ఆ రోజుల జీతం, తిండి ఎవరిస్తారో కోర్టు ఉత్తర్వులో రాయించమని మీ వకీలుకి చెప్పండి.

ఏ కాగితాలు దాచుకోవాలి?

రేడియో పిలుపు వచ్చిన సమయం. టగ్గు లాగ్ బుక్కు, అసలుది, శుభ్రంగా మళ్ళీ రాసింది కాదు. ఆ రాత్రి గాలి, అలలు ఎలా ఉన్నాయో చెప్పే వాతావరణ బులెటిన్. ఓడ ఎంత ఒరిగిందో కనిపించే ఫొటోలు, వాట్సాప్‌లో పంపినవి కాకుండా ఫోనులో ఉన్న అసలు ఫైళ్ళు. ప్రతి డెలివరీ చీటీ మీద మాస్టరు సంతకం, ఓడ స్టాంపు. ‘అందినట్టు మాత్రమే, బాధ్యత లేదు’ అని మాస్టరు పక్కన రాస్తే గొడవ పడకండి, సరుకు అందిందని ఒప్పుకున్నాడు, మీకు కావాల్సింది అదే. సంతకం ఓడ లంగరు ఎత్తకముందే పడాలి.